పొదుగుకు వచ్చిన కోడిని కొత్త ఇంటికి అప్పగించడం, గుడ్లను కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో నాలుగు పెరటి కోళ్లు లేని ఇల్లు అరుదు. అయితే పెరడు తీసి మిద్దె కట్టుకోవడం వల్ల, పిల్లల చదువుల కోసం ఒంగోలుకో నెల్లూరుకో కాపురం మార్చడం వల్ల, ఉన్న ఒక్క పుంజు చచ్చిపోవడం వల్ల, సరిగ్గా పొదుగుకు కూర్చున్న సమయంలోనే కోడిని ఇంకొకరికి ఇవ్వవలసిన పరిస్థితి చాలామందికి వస్తున్నది. అప్పుడు కోడితోపాటు, గుడ్లు దాని కింద పెట్టిన నాటి నుంచి పిల్లలు దిగే వరకు సాగే 21 రోజుల లెక్క కూడా చేతులు మారుతుంది. ఆ లెక్క తప్పకుండా అప్పగించడం ఎలా అన్నదే ఈ ప్రశ్నలకు మూలం.

మా కోడి నిజంగా పొదుగుకు వచ్చిందని ఎలా తెలుసుకోవాలి?

గుడ్డు పెట్టడానికి గూటిలో కూర్చున్న కోడి గంటా రెండు గంటల్లో లేచి అరుస్తూ బయటికి వస్తుంది. పొదుగుకు వచ్చినది రాత్రి కూడా దూలం ఎక్కకుండా గూటిలోనే ఉండిపోతుంది. చెయ్యి దగ్గరికి తీసుకువెళితే ఈకలన్నీ విప్పి ఉబ్బి, గొంతులోనుంచి ఒక రకమైన గుర్రుమనే శబ్దం చేస్తుంది, అవసరమైతే పొడుస్తుంది. రొమ్ము కింద ఈకలు రాలి చర్మం బయటపడి ఉంటుంది. గుడ్డుకు వేడి నేరుగా తగలడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. రోజుకు ఒకసారి మాత్రమే లేచి, పెద్ద ముద్దగా దుర్వాసనతో రెట్ట వేస్తుంది. ఈ లక్షణాలు వరుసగా రెండు మూడు రాత్రులు కనిపిస్తేనే పొదుగు ఖాయమని భావించాలి. ఒక్క పూట చూసి గుడ్లు పెట్టి కూర్చోబెట్టినవారి గుడ్లు వృథా అవుతుంటాయి.

ఆ దశలో ఉన్న కోడిని ఇంకొకరికి ఇవ్వడం మంచిదేనా?

ఇవ్వవచ్చు, కానీ ఎప్పుడు ఇస్తున్నామన్నది ముఖ్యం. అన్నిటికన్నా అనువైన సమయం, కోడి గట్టిగా పొదుగు పట్టి, దాని కింద అసలు గుడ్లు ఇంకా పెట్టని సమయం. అప్పుడు కోడిని ముందు తరలించి, కొత్త చోట ఒకటి రెండు రోజులు ఉత్తుత్తి గుడ్ల మీద కూర్చోబెట్టి, అది కుదురుకున్నాక మంచి గుడ్లు పెట్టవచ్చు. ఉత్తుత్తి గుడ్లకు నున్నటి గులకరాళ్లు చాలు. గుడ్లు పెట్టి వారం దాటాక తరలించడం కష్టం. 18వ రోజు తర్వాత ఎట్టి పరిస్థితిలోనూ కదపకూడదు, ఎందుకంటే పిల్ల అప్పటికే గుడ్డులో బయటికి రావడానికి అనువుగా తిరిగి సర్దుకుంటూ ఉంటుంది. ఇల్లు ఖాళీ చేయవలసిన తేదీ అంత దగ్గరలో ఉంటే, పొరుగింటివారిని బతిమాలి అయినా ఆ మూడు నాలుగు రోజులు కోడిని అక్కడే ఉంచమని నా సలహా.

ఎవరికి ఇవ్వాలి? వారిని ఏమి అడగాలి?

పగటిపూట ఇంటి దగ్గర మనిషి ఉంటారా, పిల్లి, కుక్క లోపలికి రాని గది లేదా మూల ఉందా, పిల్లలు దిగాక కనీసం రెండు నెలలు వాటిని చూసుకునే ఓపిక ఉందా అన్న మూడు విషయాలు అడగండి. కోడిని వండుకోవడానికి అడుగుతున్నారో, పెంచుకోవడానికి అడుగుతున్నారో మొహమాటం లేకుండా ముందే తేల్చుకోవడం మంచిది. మన వైపు గొర్రెలను, మేకలను ఇచ్చినట్లే కోడిని కూడా పాలుకు ఇచ్చే అలవాటు ఉన్నది. కోడి ఒకరిది, మేత, కాపలా ఇంకొకరివి, దిగిన పిల్లల్లో చెరిసగం. ఆ పద్ధతిలో ఇస్తే, పిల్లలను ఏ వయసులో పంచుకోవాలి, మధ్యలో చచ్చిపోయిన పిల్లల నష్టం ఎవరిది అన్నవి ముందే మాట్లాడుకోవాలి. దిగిన రోజు లెక్క వేరు, రెండు నెలలకు మిగిలిన లెక్క వేరు. చుట్టాల మధ్య మాటపట్టింపులు వచ్చేది సాధారణంగా ఇక్కడే.

అప్పగించేటప్పుడు ఒక చిన్న కాగితం రాసి ఇవ్వండి. కోడి ఏ రోజు పొదుగుకు వచ్చింది, గుడ్లు ఏ రోజు రాత్రి పెట్టారు, ఎన్ని గుడ్లు, ఇంతకుముందు ఎన్నిసార్లు పిల్లలను లేపింది, ఏ టీకాలు వేయించారు అన్నవి అందులో ఉండాలి.

కోడిని, గుడ్లను ఎలా తీసుకువెళ్లాలి?

చీకటి పడ్డాకనే తీసుకువెళ్లాలి. కోడికి చీకట్లో చూపు ఆనదు, కాబట్టి బెదరదు. మరునాటి ఉదయం వెలుతురు వచ్చేసరికి తాను ఇక్కడే కూర్చుని ఉన్నానన్న భావనలో ఉంటుంది.

ఈ విషయం నేను నష్టపోయి తెలుసుకున్నాను. ఒక వేసవిలో కందుకూరు దగ్గరి పల్లె నుంచి ఒంగోలుకు ఒక కోడిని, దాని తొమ్మిది గుడ్లను ఒకే అట్టపెట్టెలో పెట్టి పట్టపగలు బస్సులో తెచ్చాను. దారిలో కుదుపులకు కోడి లేచి నిలబడి తొక్కడంతో మూడు గుడ్లు పగిలి, ఆ సొన మిగతా గుడ్లకూ కోడి రొమ్ముకూ పట్టి ఎండిపోయింది. ఇంటికి చేరాక కోడి గుడ్ల వంక కూడా చూడకుండా రెండు రోజులు తలుపు దగ్గరే తిరిగింది. మిగిలిన ఆరు గుడ్లలో ఒక్కటి కూడా పిల్ల కాలేదు. తప్పు పూర్తిగా నాదే.

అప్పటి నుంచి పాటిస్తున్న పద్ధతి ఇది. రాత్రి ఎనిమిది దాటాక, దీపం వెలుగు కోడి మొహాన పడకుండా పక్కకు తిప్పి పెట్టి, అరచేతిని పైకి చేసి నెమ్మదిగా రొమ్ము కిందికి పోనివ్వాలి. ఈకల లోపల చెయ్యి ఆవిరి పట్టినంత వెచ్చగా తగులుతుంది. కోడి రెక్కల మడతల్లో ఒకటి రెండు గుడ్లను పొదవి పట్టుకుని ఉంటుంది. అందువల్ల పైకి లేపేముందు రెక్కల కింద వేళ్లతో తడిమి ఆ గుడ్లను విడిపించాలి, లేకపోతే లేపీ లేపగానే జారి పడి పగులుతాయి. కోడిని గడ్డి పరిచిన వెదురు గంపలో ఉంచి, గాలి ఆడే పలుచటి గుడ్డ పైన కప్పాలి. గుడ్లను వేరే గిన్నెలో, పొట్టు లేదా తవుడు మధ్య, సన్నటి కొస కిందికి ఉండేలా నిలబెట్టి, పైన నూలుగుడ్డ కప్పి మనిషి ఒడిలో పెట్టుకోవాలి. కాళ్లు కట్టి, మోటార్ సైకిల్ హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడదీసి తీసుకువెళ్లడం ఏ కోడి విషయంలోనూ సరికాదు. పొదుగు కోడి విషయంలో అయితే అది పొదుగు విరిగిపోవడానికి తగిన కారణం.

కావలి నుంచి నెల్లూరు వరకు అయ్యే గంటన్నర ప్రయాణంలో గుడ్లు కొంత చల్లబడినా భయపడనవసరం లేదు. కోడి కూడా రోజూ లేచి తిరిగేటప్పుడు గుడ్లు చల్లబడుతూనే ఉంటాయి. కుదుపే అసలు ప్రమాదం.

కొత్త చోట గూడు ఎలా ఉండాలి?

మసక వెలుతురు, గాలి, నిశ్శబ్దం ఉన్న మూల చాలు. వెడల్పాటి మట్టి మూకుడులో గానీ పాత గంపలో గానీ మూడు వేళ్ల మందాన పొడి ఇసుక పోసి, దాని మీద మెత్తటి వరిగడ్డి పరిచి, మధ్యలో పిడికిలితో నొక్కి కొద్దిగా గుంట చేయాలి. గుంట మరీ లోతైతే గుడ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి పగులుతాయి. రేకుల కప్పు కింద మాత్రం వేసవిలో గూడు పెట్టవద్దు. పందికొక్కు, ముంగిస, జెర్రిపోతు దూరే కంతలు ఉంటే ముందుగా మూసివేయాలి. చీమల సంగతి చాలామంది మరచిపోతారు. పిల్ల పెంకు పగలగొట్టే రోజు ఆ తడి వాసనకు ఎర్రచీమలు వరుస కట్టి వచ్చి, బయటికి రాకముందే పిల్లను చంపేస్తాయి. గూటిని పీట మీద పెట్టి, పీట కాళ్ల కింద నీళ్లు పోసిన మూతలు ఉంచితే ఆ బాధ ఉండదు.

కొత్త చోటికి తెచ్చాక కోడి కూర్చోవడం లేదు. ఏమి చేయాలి?

ఒక పగలంతా గూటి మీద గంప బోర్లించి, పైన గోనె పట్టా కప్పి చీకటి చేసి ఉంచండి. లోపల ఉత్తుత్తి గుడ్లు మాత్రమే ఉండాలి. సాయంత్రం ఒకసారి తీసి మేత, నీళ్లు చూపించి, తిరిగి దానంతట అదే గూటికి వెళుతుందో లేదో గమనించండి. వెళితే ఆ రాత్రే మంచి గుడ్లు పెట్టవచ్చు. రెండు రోజులైనా తలుపు వైపే చూస్తూ తిరుగుతుంటే ఆ కోడికి పొదుగు విరిగిందని ఒప్పుకోవాలి. బలవంతం వల్ల ఉపయోగం లేదు.

ఎటువంటి గుడ్లు పెట్టాలి? ఎన్ని పెట్టాలి?

అంగడిలో దొరికే ఫారం గుడ్లను పొదిగేస్తే పిల్లలు రావు. ఆ కోళ్ల దగ్గర పుంజు ఉండదు, కనుక గుడ్డులో జీవం ఉండదు. ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు ఈ పని చేసి, పాపం ఆ కోడిని మూడు వారాలు ఊరకే కూర్చోబెడుతుంటారు. పుంజు తొక్కిన పెట్టల గుడ్లే కావాలి. ఎనిమిది పది పెట్టలకు ఒక చురుకైన పుంజు ఉన్న ఇంటి నుంచి తెచ్చుకోండి.

గుడ్డు వయసు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. చలికాలంలో వారం వరకు, ఎండాకాలంలో నాలుగు రోజుల లోపు గుడ్లనే ఎంచుకోవాలి. మన వైపు వేసవిలో ఇంటి లోపలి వేడికే గుడ్డులో పిండం అరకొరగా ఎదగడం మొదలై మధ్యలో చచ్చిపోతుంది. కోడి కిందకు చేరకముందే పాడైన గుడ్డు పైకి బాగానే కనిపిస్తుంది. దీనికి పెద్దవాళ్ల పద్ధతి ఇప్పటికీ పనికివస్తుంది. ఒక వెడల్పాటి మట్టి కుండలో సగం వరకు ఇసుక పోసి తడిపి, ఆ ఇసుక మీద చిన్న బుట్టలో గుడ్లు ఉంచి, పలుచటి గుడ్డ కప్పి, ఇసుకను రోజూ తడుపుతూ ఉంటే కుండ లోపల చల్లగా ఉంటుంది. బుట్ట అడుగు నీళ్లలో నానకూడదు. గుడ్లను నీళ్లతో కడగకండి. పెంకు మీద ఉండే సన్నటి పొర పోతే క్రిములు లోపలికి చేరుతాయి. రెట్ట బాగా అంటిన గుడ్డును పొదుగుకు వాడకపోవడమే మేలు. బాగా చిన్నవి, బాగా పొడవైనవి, సన్నటి బీట ఉన్నవి కూడా తీసివేయండి.

మామూలు నాటుకోడి 10 నుంచి 12 గుడ్లను పూర్తిగా కప్పగలదు. పెద్ద ఒళ్లున్న అసీల్ పెట్ట ఒకటి రెండు ఎక్కువ కప్పుతుంది. వేసవిలో తొమ్మిదికి మించకుండా చూసుకోండి. ఎక్కువ గుడ్లు పెడితే అంచున ఉన్నవి రోజుకు కొన్ని చొప్పున చల్లబడి, చివరకు అన్నీ దెబ్బతింటాయి. బేసి సంఖ్యలో పెట్టాలన్న ఆనవాయితీ చాలా ఇళ్లలో ఉన్నది. దానివల్ల నష్టమేమీ లేదు.

వనరాజా, గ్రామప్రియ వంటి మెరుగుపరచిన పెరటి రకాల పెట్టలు గుడ్లు ఎక్కువ పెడతాయి కానీ పొదుగుకు కూర్చోవడం తక్కువ. అందుకే వాటి గుడ్లను నాటుకోడి కింద పెట్టి పిల్లలను లేపుకుంటారు. పొదుగుకు వచ్చే నాటుకోడి విలువ దాన్ని వదిలించుకున్నాక గానీ చాలామందికి తెలియడం లేదు.

గుడ్ల మీద గుర్తు ఎందుకు పెట్టమంటారు?

మిగతా పెట్టలు అదే గూటిలోకి వచ్చి గుడ్లు పెట్టి పోతాయి. వాటిని గుర్తించకపోతే సగం గుడ్లు పిల్లలై, సగం అరకొర దశలో మిగులుతాయి. మెత్తటి పెన్సిల్‌తో ప్రతి గుడ్డు మీద తేదీ వేయండి. గుర్తు లేని గుడ్డు కనిపించిన రోజే తీసివేయండి. స్కెచ్ పెన్ను వాడవద్దు.

21 రోజుల లెక్క ఎలా?

ఒకటో తేదీ రాత్రి కోడి కింద గుడ్లు పెడితే ఇరవై రెండో తేదీన పిల్లలు దిగుతాయి. సోమవారం పెడితే మూడు వారాలకు మళ్లీ సోమవారమే అని గుర్తుంచుకుంటే క్యాలెండర్ అవసరం లేదు. ఎండాకాలంలో ఒక రోజు ముందుగా, తుపాను చలిలో ఒక రోజు ఆలస్యంగా దిగడం సహజం. నాటుకోడి కింద బాతు గుడ్లు పెట్టినవారు 28 రోజులు లెక్కించాలి. ఆ అదనపు వారం కోడికి భారమే, కాబట్టి మేత విషయంలో మరింత శ్రద్ధ అవసరం.

పొదుగు మీద ఉన్న కోడికి మేత ఎలా పెట్టాలి?

రోజుకు ఒకసారి, పదిహేను నిమిషాల నుంచి అరగంట వరకు కోడి లేచి తిని, తాగి, రెట్ట వేసి, దుమ్ములో పొర్లి వస్తుంది. దానంతట అది లేవకపోతే మీరే ఉదయంపూట ఎత్తి బయట దింపాలి. కొన్ని కోళ్లు లేవకుండా అలాగే చిక్కి శల్యమైపోతాయి. సద్దలు, జొన్నలు, నూకలు వంటి గట్టి గింజలు ఈ సమయంలో మంచివి, ఎందుకంటే రెట్ట గట్టిగా ఉంటుంది, గూడు పాడు కాదు. తడి తవుడు ముద్ద వద్దు. నీళ్ల గిన్నె గూటికి రెండు మూడు అడుగుల దూరంలో ఉండాలి. దుమ్ములో పొర్లడానికి కాస్త కట్టెల బూడిద, పొడి మట్టి కలిపిన గుంట చూపిస్తే పేలు కొంతవరకు తగ్గుతాయి.

కోడిపేలు విపరీతంగా ఉన్నాయి. ఏమి చేయాలి?

కూర్చోబెట్టడానికి ముందే చూసుకోవలసిన విషయం ఇది. రెక్కల కింద, ముడ్డి చుట్టూ ఈకలు విడదీసి చూడండి. పేలు, నల్లులు పట్టిన కోడి రాత్రిళ్లు గూటిలో నిలవలేక గుడ్లు వదిలి లేచిపోతుంది. గడ్డి మొత్తం మార్చి కాల్చివేయండి. కొత్త గడ్డి కింద ఎండిన వేపాకు, బూడిద చల్లండి. పురుగుమందులు పశువైద్యుడు చెప్పకుండా వాడకండి, ముఖ్యంగా పత్తికో మిరపకో కొట్టగా మిగిలిన మందును. ఆ మందుతో కోళ్లు చచ్చిపోయిన సంఘటనలు పల్లెల్లో కొత్త కాదు.

గుడ్డులో జీవం ఉందో లేదో ఎలా చూడాలి?

ఏడో రోజు రాత్రి గదిలో దీపాలు ఆపి, ఫోను టార్చి మీద అట్టముక్కకు చిన్న రంధ్రం చేసి అడ్డం పెట్టి, ఆ రంధ్రం మీద గుడ్డు వెడల్పాటి కొసను ఆనించండి. జీవమున్న గుడ్డులో ఒక నల్లటి చుక్క, దాని చుట్టూ సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. కాసేపు ఓపికగా చూస్తే ఆ చుక్క కదులుతుంది. మొత్తం పసుపు వెలుగుతో తేటగా ఉంటే అందులో జీవం లేదు. నరాలు లేకుండా ఎర్రటి వలయం మాత్రమే మిగిలి ఉంటే, మొదలై ఆగిపోయిందని అర్థం. ఈ రెండు రకాలనూ తీసివేయాలి. 14వ రోజు మరొకసారి చూస్తే చాలు. అప్పటికి వెడల్పాటి కొస దగ్గర ఉండే ఖాళీ (గాలి గది) తప్ప మిగతా గుడ్డంతా నల్లగా నిండి ఉంటుంది. మురిగిన గుడ్డు గూటిలో పగిలితే దాని క్రిములు మంచి గుడ్లకూ అంటుకుంటాయి, కాబట్టి వాసన వచ్చిన గుడ్డును ఆ క్షణమే దూరంగా పూడ్చిపెట్టండి.

రోహిణి కార్తెలో కోడిని పొదుగు వేయవచ్చా?

వేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మే నెల చివర మన జిల్లాల్లో వేడి 42 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గుడ్డుకు కావలసిన వేడి సుమారు 37.5 డిగ్రీలు. 40.5 డిగ్రీలకు మించి గంటల తరబడి ఉంటే లోపలి పిండం బతకదు. తప్పనిసరి అయితే తాటాకు పాక లోపలి మూల ఎంచుకుని, మధ్యాహ్నం గూటి చుట్టూ నేల మీద నీళ్లు చల్లి, గూటి కింది ఇసుకను అంచుల్లో కొద్దిగా తడపండి. సంక్రాంతి ముందూ వెనుకా పిల్లలు దిగేలా చూసుకుంటే అన్నివిధాలా అనుకూలం. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో వాయుగుండాలు వచ్చే నెల్లూరు వైపు మాత్రం గూడు నేలకు ఎత్తులో, జల్లు కొట్టని చోట ఉండాలి.

కోడి మధ్యలో గుడ్లు వదిలేస్తే?

గుడ్లు చల్లగా తగిలినంత మాత్రాన పారవేయవద్దు. మన వాతావరణంలో కొన్ని గంటలు వదిలేసిన గుడ్లలో కూడా జీవం నిలిచి ఉండవచ్చు. వెంటనే ఊళ్లో పొదుగు మీద ఉన్న ఇంకొక కోడి కోసం విచారించి రాత్రిపూట దాని కింద పెట్టండి, రెండు రోజులాగి టార్చితో చూడండి. ఇంకొక కోడి లేకపోతే చిన్న ఇంక్యుబేటరు ఉన్నవారిని అడగవచ్చు. అందులో 18వ రోజు వరకు రోజుకు కనీసం మూడుసార్లు గుడ్లు తిప్పాలి. కోడి అయితే ఆ పని తన ముక్కుతో తానే చేసుకుంటుంది.

పెంకు బీట వారి చాలాసేపైంది. పిల్లను మనం బయటికి తీయవచ్చా?

తీయకూడదు. మొదటి బీట నుంచి పిల్ల బయటపడే వరకు ఒక పగలూ రాత్రీ కూడా పట్టవచ్చు. ఆ సమయంలో పెంకు లోపలి పొరలో ఉన్న రక్తం, కడుపులోకి చేరవలసిన పచ్చసొన పిల్ల ఒంట్లోకి చేరుతుంటాయి. తొందరపడి పెంకు ఒలిస్తే రక్తం కారి పిల్ల చచ్చిపోతుంది. ఆ రోజు కోడిని లేపవద్దు, మేత కోసం కూడా. పచ్చసొన ఆసరాతో పిల్లలు రెండు రోజులు తిండి లేకుండా ఉండగలవు.

పిల్లలకు ఏమి పెట్టాలి? టీకాలు ఎప్పుడు?

మొదటి రోజుల్లో సన్నటి నూకలు, పొడి చేసిన సద్దలు, కోడిపిల్లల దాణా చాలు. చెదపురుగులు దొరికితే పెట్టండి, వాటికి మించిన మేత లేదు. నీళ్లు లోతు లేని మూతలో, మధ్యలో గులకరాళ్లు వేసి పెట్టాలి, లేకపోతే పిల్లలు పడి మునిగిపోతాయి. గద్ద, కాకి భయం తగ్గే వరకు పగలు గంప కింద ఉంచండి. కొక్కెర తెగులుకు లసోటా చుక్కల మందు ఐదు నుంచి ఏడు రోజుల వయసులో కంట్లో గానీ ముక్కులో గానీ వేయించాలి. నాలుగు వారాలకు మరొక విడత, ఎనిమిది వారాలకు అదే తెగులుకు ఆర్‌టూబీ అనే సూదిమందు ఉంటాయి. కోళ్ల మశూచికి టీకా ఆరేడు వారాల వయసులో వేయిస్తారు. ఊరి రైతు సేవా కేంద్రంలో లేదా పశువుల ఆసుపత్రిలో అడిగి, పదిమంది కలిసి ఒకే రోజు వేయించుకుంటే సీసా వృథా కాదు.

బర్డ్ ఫ్లూ వార్తలు ఉన్నప్పుడు కోడిని ఇవ్వవచ్చా?

ఇవ్వకూడదు, తీసుకోకూడదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో ఈ వ్యాధి బయటపడింది. వ్యాధి కనిపించిన చోటు చుట్టూ 1 కిలోమీటరు పరిధిలో కోళ్లను చంపి పూడ్చడం, 10 కిలోమీటర్ల వరకు నిఘా పెట్టడం నియమం. అధికారులు ఆంక్షలు ఎత్తివేసే వరకు ఆగండి. మామూలు రోజుల్లో కూడా కొత్త కోడిని రెండు వారాలు మీ కోళ్లకు దూరంగా ఉంచాలి. పొదుగు కోడికి ఎలాగూ ఒంటరి మూల కావాలి కాబట్టి ఇది కష్టం కాదు.

గుడ్లు లేవు, పొదుగు వద్దు. కోడిని మామూలు స్థితికి ఎలా తేవాలి?

ముక్కులో ఈక దూర్చడం, నీళ్లలో ముంచడం వంటివి చేయకండి. అవి కోడిని హింసించడమే. అడుగున జాలీ ఉన్న పంజరంలో, గడ్డి లేకుండా, వెలుతురు, గాలి తగిలే నీడలో మూడు నాలుగు రోజులు మేత, నీళ్లతో ఉంచితే రొమ్ము కింద చల్లగాలి తగిలి పొదుగు విడుస్తుంది. మళ్లీ గుడ్లు పెట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

పిల్లలు పెద్దయ్యాక తల్లికోడిని తిరిగి తీసుకోవచ్చా?

అలా మాట్లాడుకుని ఉంటే తీసుకోవచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఒక రోజు తల్లి తన పిల్లలనే పొడిచి తరమడం మొదలుపెడుతుంది, రాత్రి వాటిని వదిలి దూలం ఎక్కుతుంది. ఆ తర్వాత రెండు మూడు రోజులు చూసి, మళ్లీ చీకటి పడ్డాకనే గంపలో తీసుకువెళ్లండి. రాసి ఇచ్చిన కాగితం వెనుక, ఎన్ని పిల్లలు దిగాయో, ఎన్ని నిలిచాయో రాయించుకుని వెంట తెచ్చుకోండి.